ఒక గది, తొమ్మిది అభ్యంతరాలు



మేం ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటాం. మాది 1930ల నాటి సెమీ డిటాచ్డ్ ఇల్లు. ఒక పక్క గోడ మాకూ పొరుగువాళ్లకూ ఉమ్మడి. మామయ్యగారు గుంటూరులో డాక్టరు చదువు చదివి, నలభై ఏళ్ల కిందట ఇక్కడికొచ్చి, ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లోనే రిటైరయ్యారు. ఇప్పుడు ఆయనకి పార్కిన్‌సన్స్. మెట్లెక్కాలంటే ముందు మావారు, వెనక నేను ఉండాలి. బాత్రూమేమో పైన. ఈ మధ్య ఆయన పగటిపూట మంచినీళ్లు తాగడం బాగా తగ్గించేశారు. అడిగితే దాహం లేదంటారు. పైకి వెళ్లాల్సి వస్తుందనే తాగడం లేదని నాకు తెలుసు.

అందుకే పెరట్లోకి నాలుగున్నర మీటర్లు పొడిగించి, కింద ఒక పడగ్గది, బాత్రూమ్ కట్టుకుందామని కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టాం. ఒక్క అంతస్తే. తొమ్మిది అభ్యంతరాలొచ్చాయి. వీధి అందం పోతుందట, ఇళ్ల ధరలు పడిపోతాయట, కట్టినన్నాళ్లూ దుమ్మూ చప్పుడూ అట, కార్లు పెట్టుకోడానికి చోటు చాలదట. ఒకాయనైతే, వీళ్లు గదులు అద్దెకిచ్చుకోవడానికే కడుతున్నారని రాశాడు. అందరికంటే బాధపెట్టింది ఉమ్మడి గోడ అవతలి పెద్దావిడ. తన భోజనాల గదికి వెలుతురు పోతుందని రాసింది. ఏటా సంక్రాంతికి మా ఇంటి అరిసెలు తినే మనిషి! మాతో ఒక్క మాటైనా అనలేదు.

తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో చెప్పి యాభై మంది చేత మద్దతుగా రాయిద్దామని మావారు అంటున్నారు. “నా కోసం వీధితో గొడవెందుకమ్మా, దరఖాస్తు వెనక్కి తీసుకోండి” అని మామయ్యగారు. ఏం చేయమంటారు?

— ఒక కోడలు, లెస్టర్

అమ్మా,

నీళ్లు తగ్గిస్తే ఏమవుతుందో మామయ్యగారికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. తెలిసీ తగ్గించారంటే ఆ గది అవసరం ఎంతో అర్థమవుతోంది. దరఖాస్తు వెనక్కి తీసుకోకండి.

యాభై మంది సంగతి మాత్రం మానుకోమనండి. ఇదేమీ పంచాయతీ ఎన్నిక కాదు. ప్లానింగ్ ఆఫీసరు తలలు లెక్కపెట్టరు, రాసిన కారణం చెల్లుతుందా లేదా అని చూస్తారు. ఎక్కడెక్కడి వాళ్లో రాసిన ఉత్తరాల వల్ల ఫైలు లావెక్కుతుందే తప్ప ఒరిగేదేమీ లేదు. పైగా బయటివాళ్లని దింపారన్న మాట వీధిలో మిగిలిపోతుంది.

ఇళ్ల ధరలు పడిపోతాయన్నది అక్కడ పరిగణనలోకి రాదు. కట్టేటప్పటి దుమ్మూ చప్పుడూ కూడా అనుమతి ఆపడానికి కారణాలు కావు. పెరట్లో కట్టే ఒంటి అంతస్తు వీధిలోకి కనబడదు కాబట్టి అందం మాట నిలవదు. పార్కింగ్ చెల్లే కారణమేగానీ, మీరు ఇంటి ముందు భాగం ముట్టుకోవడం లేదు. అద్దెకిస్తారన్నది ఉత్త ఊహ. మహా అయితే ఆ గదిని ఇంట్లో భాగంగానే వాడాలని కౌన్సిల్ షరతు పెడుతుంది, పెట్టనివ్వండి. ఆ మాట వెనక మీ రంగూ దేశమూ ఉన్నాయేమోనని మీకు అనిపించే ఉంటుంది. నాకూ అనిపించింది. అయినా ఆయనకి జవాబు రాయకండి.

ఇక పెద్దావిడ. తొమ్మిదింటిలో బరువున్నది ఆవిడ మాటే. పక్కింటి గదికి వెలుతురు తగ్గడమన్నది అక్కడ గట్టి కారణం. చాలా కౌన్సిళ్లు 45 డిగ్రీల లెక్క వాడతాయి. ఆవిడ కిటికీ మధ్య నుంచి మీ వైపు 45 డిగ్రీల వాలుగా గీత గీస్తే, మీ కొత్త గోడ ఆ గీతని దాటకూడదు. సరిహద్దు వెంబడే నాలుగున్నర మీటర్లు పోతే దాటకుండా ఉండటం కష్టం.

అయితే మీ చేతిలో ఒకటుంది. సెమీ డిటాచ్డ్ ఇంటికి, మొదట కట్టినప్పటి వెనక గోడ నుంచి మూడు మీటర్ల దాకా ఒంటి అంతస్తు పొడిగింపుకి ఇంగ్లండ్‌లో మామూలుగా ప్లానింగ్ దరఖాస్తే అక్కర్లేదు. ఎత్తు పరిమితుల్లాంటివి పాటించాలి. మీ ఇంటికి ఆ వెసులుబాటు రద్దు చేసి ఉండకూడదు, పాత యజమాని ఇప్పటికే పొడిగించి ఉండకూడదు. కాబట్టి ఆవిడ వైపు బాత్రూమ్ పెట్టి మూడు మీటర్ల దగ్గర ఆపేయండి. పడగ్గదిని అవతలి వైపుకి జరిపి, లోతంతా అక్కడ తీసుకోండి. పైన చదునైన కప్పు వేసి ఎత్తు తగ్గించండి. సవరించిన డ్రాయింగులు ఈ దరఖాస్తులోనే తీసుకుంటారేమో ఆఫీసరుని అడగండి. నిర్ణయానికి మామూలుగా ఎనిమిది వారాలే గడువు కాబట్టి ఇవాళే అడగండి.

డ్రాయింగు ఆఫీసరు కంటే ముందు పెద్దావిడ చూడాలి. ఆవిడ మీతో ఒక్క మాట అనలేదన్నారు. దరఖాస్తు పెట్టబోయే ముందు మీరు ఆవిడతో అన్నారా? మీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. మనవైపు పక్కింట్లో శ్లాబు పోస్తున్నారన్న సంగతి మిక్సరు మోత వినబడ్డాక తెలుస్తుంది, అంతటితో సరిపెట్టుకుంటాం. అక్కడ కౌన్సిల్ నోటీసు చూసి తెలుసుకోవడం పెద్దావిడకి మరోలా తగిలి ఉంటుంది. మీరొక్కరే వెళ్లండి. ఆవిడ గదిలోకి ఎండ ఏ వేళ వస్తుందో అడిగి, ఆ వేళకే వెళ్లి కూర్చోండి. పెరట్లో కొత్త గోడ వచ్చేచోట రెండు కర్రలు పాతి, గోడ ఎత్తున తాడు కట్టి, ఆవిడ కిటికీలోంచే ఇద్దరూ చూడండి. నాలుగున్నర దగ్గర ఒకసారి, మూడు దగ్గర ఒకసారి.

ఈ మర్యాదలో మీ స్వార్థమూ ఉంది. ప్లానింగ్ అనుమతి వచ్చినా, 1996 నాటి పార్టీ వాల్ (ఉమ్మడి గోడ) చట్టం వేరే ఉంది. ఆవిడ ఇంటికి మూడు మీటర్ల లోపు, ఆవిడ పునాది కంటే లోతుగా తవ్వాలంటే నెల ముందు నోటీసివ్వాలి. ఆవిడ 14 రోజుల్లో ఒప్పుకుంటూ రాయకపోతే సర్వేయర్లు దిగుతారు, ఆ ఖర్చు మామూలుగా మీ నెత్తినే పడుతుంది.

ఒకవేళ కౌన్సిల్ తిరస్కరిస్తే 12 వారాల్లోపు అప్పీలు చేసుకోవచ్చు, దానికి ఫీజు లేదు. అనుమతి ఇస్తే మాత్రం దాని మీద అప్పీలు చేసే హక్కు అభ్యంతరం పెట్టినవాళ్లకి ఇంగ్లండ్‌లో లేదు.

మీవారికి ఉత్సాహం ఉంది కాబట్టి ఒక పని అప్పజెప్పండి. మామయ్యగారు సాయం లేకుండా మెట్లెక్కలేరని ఫ్యామిలీ డాక్టరు (జీపీ) చేతా, ఆక్యుపేషనల్ థెరపిస్ట్ చేతా రెండు ఉత్తరాలు రాయించుకు రమ్మనండి. ఇంట్లో ఉండే వికలాంగుల సౌకర్యం కోసం చేసే పొడిగింపుకి దరఖాస్తు ఫీజు మినహాయింపు ఉంది. 2025 ఏప్రిల్‌లో ఆ ఫీజు 528 పౌండ్లయింది. కట్టేసి ఉంటే, ఆ రెండు ఉత్తరాలూ చూపించి వెనక్కి ఇస్తారేమో అడగమనండి.