ఆటలో తల అదిరినచో

కెనడా దేశములోని ఒట్టావా నగరమున 2013 మే నెలలో 17 ఏండ్ల పాఠశాల బాలిక యొకతె రగ్బీ ఆటలో క్రిందపడి, తలకు దెబ్బ తగిలి స్పృహ కోల్పోయినది. నాలుగు దినములకు మరణించినది. అంతకు ముందు వారము దినములలోనే ఆమె తలకు రెండు మారులు దెబ్బ తగిలియుండెనని విచారణలో తేలినది. మెదడు అదిరినదేమోనని స్నేహితులకు తెలిపినదే గాని ఆట మానలేదు. ఆపవలసిన పెద్దలకు ఆ సంగతి తెలియలేదు. దెబ్బ అనుమానమున్న ఆటగానిని వెంటనే తొలగించవలెనని అంటారియో రాష్ట్రము 2018లో ఆమె పేరున రోవన్ చట్టము చేసినది.

రగ్బీ మన గ్రామములలో అరుదు. కాని కబడ్డీలో కూతకు పోయిన బాలుని నలుగురు చుట్టి పడవేయుట, చీలమండ పట్టి లాగుట నిత్యము చూచుచున్నదే. సంక్రాంతి పందెములకు మైదానము చూపు పంచాయతీ సభ్యులు ఈ విషయము నెరుగుట అవసరమని తలచుచున్నాము.

దెబ్బకు మెదడు కపాలములో కుదుపునకు లోనై, కొంతకాలము దాని పని తారుమారగును. దీనిని వైద్యులు కంకషన్ అందురు. స్పృహ తప్పినగాని ఇది కలుగదనుట పొరపాటు. చాలమందికి స్పృహ తప్పదు. స్కానింగులో ఏమియు కనిపించకపోవచ్చును. బాలుడు లేచుటకు ఆలస్యము చేయును, తల పట్టుకొనును, తూలును, శూన్యముగా చూచును, తన జట్టు నిలిచిన వైపు మరచును. మనవారు ముఖమున నీళ్ళు చల్లి, "ఏమీ కాలేదు, పోరా" అని మరల బరిలోనికి పంపుదురు. ఊరి పరువు ముందు బాలుడును నొప్పి దాచును.

అతనిని "నీ పేరేమి?" అని అడిగి లాభము లేదు. తల అదిరినవాడును తన పేరు చెప్పగలడు. ఇప్పుడే జరిగినది చెప్పలేకపోవచ్చును. అందుచేతనే ఆస్ట్రేలియాలో మాడక్స్ అను పరిశోధకుడు ఆటకు సంబంధించిన ప్రశ్నలు కూర్చెను. మనము ఇట్లు అడుగవచ్చును: ఇది ఏ మైదానము? మొదటి సగమా, రెండవ సగమా? చివరి పాయింటు ఎవరిది? గత పందెము ఏ ఊరితో ఆడితిరి? గెలిచితిరా?

ఒక్కటి తప్పినను బాలుడు బయటకు రావలెను. అన్నియు సరిగా చెప్పినను, అనుమాన లక్షణ మొక్కటి కనిపించినచో ఆనాటికి అతనికి ఆట లేదు. వృత్తి ఆటగాండ్రను వైద్యులు కొద్ది నిమిషములు పరీక్షించి మరల పంపు పద్ధతి పెద్దలకే గాని పిల్లలకు తగదు. తొలి దెబ్బ మానకముందే రెండవది తగిలినచో, అరుదుగానైనను, లేతవయసువారి మెదడు వాచి ప్రాణము పోవును.

మెడనొప్పి, మాటిమాటికి వాంతి, మూర్ఛ, ఒకటి రెండుగా కనిపించుట, కాలుసేతులు తిమ్మిరెక్కుట, తలనొప్పి హెచ్చుట, మగత కమ్ముట - వీనిలో ఏది కనిపించినను 108కు కబురు చేయవలెను. మెడనొప్పి యున్నవానిని ఎత్తి కూర్చుండబెట్టరాదు. మిగిలినవారిని వైద్యునికి చూపవలెను. ఆ రాత్రి ఒంటరిగా విడువరాదు. మొదటి ఒకటి రెండు దినములు విశ్రాంతి. బ్రిటను ప్రభుత్వము 2023లో ఇచ్చిన సూచనల ప్రకారము 21 దినములు గడువక పోటీలో దిగరాదు. లక్షణములు మిగిలియున్నచో అప్పుడును దిగరాదు.

ఈ నిర్ణయము జట్టు నాయకునికి విడిచిన పని జరుగదు. ఏ జట్టుకును చెందని ఒకరిని, వ్యాయామోపాధ్యాయునో ఆరోగ్య కార్యకర్తనో, పందెమునకు ముందే పంచాయతీ నియమించి, వారి మాటకు ఎదురు లేదని అందరి ఎదుట ప్రకటించవలెను. బయటకు వచ్చిన బాలుని పేరు, తేదీ ఒక పుస్తకమున వ్రాసి, వారము తిరుగకముందే పందెము జరుపబోవు పొరుగూరి వారికిని తెలుపవలెను.