గన్నేరు పొద: గుర్తింపు, కత్తిరింపు, జాగ్రత్తలు

ఢిల్లీ నగరమునందును, దాని చెంతనున్న గురుగ్రామ్, నోయిడా, ఘాజియాబాద్ పట్టణములందును రహదారుల నడుమను, ఉద్యానవనములలోను, ఇండ్ల ఆవరణలలోను గన్నేరు విరివిగా కనబడును. అచ్చటివారు దీనిని కనేర్ అందురు. వేసవి యెండకును, నీటి యెద్దడికిని, వాహనముల పొగకును తాళుకొని సంవత్సరమంతయు పచ్చగా నుండుటచే దీనిని విస్తారముగా నాటుదురు. తెలుగువారికిది దేవతార్చనకు పనికివచ్చు పుష్పముగా చిరపరిచితము. పరిచయము హెచ్చిన చోట భయము తగ్గుట సహజము. కాని ఈ మొక్కయందు వేరు మొదలు విత్తు వరకు ప్రతి భాగమును విషపూరితమే. కావున ఏండ్ల తరబడి వదలివేసిన పొదకు కత్తెర పెట్టుటకు పూర్వము అది ఏ మొక్కయో నిశ్చయించుకొనవలెను.

గుర్తించు విధము

గన్నేరు ఆకులు సన్ననివి, పొడవైనవి, దళసరివి. కణుపు వద్ద సాధారణముగా మూడేసి ఆకులు బయలుదేరును. పూవులు ఎరుపు, గులాబి, తెలుపు రంగులలో గుత్తులుగా పూయును. కాయలు సన్ననివి, పొడవైనవి; ఎండి పగిలినపుడు నూగుగల విత్తులు బయటపడును.

పచ్చగన్నేరు వేరొక మొక్క. దాని ఆకులు ఒక్కొక్కటిగా కొమ్మ చుట్టును అమరియుండును. పూవు పసుపుపచ్చని గంటవలె నుండును. కాయ బొద్దుగా, కోణములు గలదై యుండును. కొమ్మ త్రుంచినచో తెల్లని పాలు కారును. దీని విత్తు మిక్కిలి విషము. నందివర్ధనము ఆకులు ఎదురెదురుగా జంటలై, గన్నేరు ఆకులకంటె వెడల్పుగా నుండును.

కత్తిరించు కాలము

గన్నేరు క్రొత్త చిగుళ్ల చివర పూచును. కావున ఢిల్లీలో చలి తగ్గిన పిదప, ఫిబ్రవరి నెలలో కత్తిరించుట మేలు. చలికాలపు ఆరంభమున గట్టిగా కత్తిరించినచో లేత చిగుళ్లు చలికి దెబ్బతినును.

కత్తిరించు పద్ధతి

చేతులకు తొడుగులు, కండ్లకు అద్దములు, ఒంటికి నిండుచేతుల చొక్కా ధరింపవలెను. పిల్లలను, పశువులను దూరముగా నుంచవలెను. మొదట ఎండిన కొమ్మలను తీసివేయవలెను. పిమ్మట మిక్కిలి ముదిరిన కాండములలో మూడవ వంతును మాత్రము నేలమట్టమునకు కోయవలెను. మిగిలిన కొమ్మలను కణుపునకు కొంచెము పైన కుదింపవలెను. ఇట్లు మూడు సంవత్సరములు చేసినచో, పూత పూర్తిగా ఆగకయే పొద అంతయు క్రొత్తదగును.

కొన్నిచోట్ల గన్నేరు ఒకే కాండముతో చెట్టుగా ఎదుగును. ఢిల్లీలో 1994 నాటి వృక్ష సంరక్షణ చట్టము ప్రకారము, నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున కాండపు వ్యాసము 5 సెంటీమీటర్లకు తగ్గక, ఎత్తు ఒక మీటరునకు తగ్గకయున్న మొక్క చెట్టుగా ఎంచబడును. అట్టి దానిని నరుకుటకు ముందు అటవీ శాఖ అనుమతి పొందవలెను.

కోసిన కొమ్మలను ఏమి చేయవలెను?

వీనిని ఎన్నడును కాల్చరాదు. ఆ పొగయు హానికరము. ఢిల్లీలో ఆకులను, చెత్తను బహిరంగముగా కాల్చుటను జాతీయ హరిత న్యాయస్థానము 2015లోనే నిషేధించినది. ఎండినంత మాత్రమున ఆకులలోని విషము పోదు. కావున ఆవులకు, మేకలకు అందునట్లు పారవేయరాదు. పుల్లలను పండ్లు తోముటకు గాని, వంటకు గాని వాడరాదు. పని ముగిసిన పిదప చేతులను, పనిముట్లను సబ్బుతో కడుగవలెను. రసము కంటిలో పడినచో ధారాళమైన నీటితో పదునైదు నిమిషములు కడిగి, వైద్యునికి చూపవలెను.

ప్రమాదము సంభవించినచో

గన్నేరులోని ఒలియాండ్రిన్ అను విషము గుండెపై పనిచేయును. వాంతులు, కడుపునొప్పి, విరేచనములు, తల తిరుగుట, నాడి మందగించుట లేక క్రమము తప్పుట దీని లక్షణములు. బిడ్డ ఆకుగాని విత్తుగాని నమిలినచో నోటిలోని ముక్కలను తీసి, నీటితో పుక్కిలింపజేయవలెను. వాంతి చేయింపరాదు, గృహవైద్యముతో కాలయాపన చేయరాదు. బిడ్డ కులాసాగా కనబడినను వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను, లేక 112కు ఫోను చేయవలెను. తిన్న మొక్క కొమ్మను వెంట తీసికొని, తిన్న వేళను వైద్యునికి తెలుపవలెను. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థయందు 1995లో నెలకొల్పిన జాతీయ విష సమాచార కేంద్రము రేయింబవళ్లు సలహా నొసగును.

గన్నేరును పెరికి పారవేయ నక్కరలేదు. దాని గుణ మెరిగి, వేళకు కత్తిరించి, కోసిన కొమ్మలను జాగ్రత్తగా తొలగించినచో, అందమును ఆరోగ్యమును రెండును నిలుచును.