పైవాళ్ల నీళ్లు, కిందివాళ్ల కప్పు

కప్పు మీద తడి మచ్చ కనబడగానే చాలామంది ముందు ఫోను తీసి ఫోటో కొడతారు. తర్వాత దాన్ని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద 'ఫ్లాట్ 302 వారు దయచేసి గమనించగలరు' అని రాస్తారు. ఆ మర్యాద వెనక ఎంత కోపం ఉందో 302 వాళ్లకీ తెలుస్తుంది, గ్రూపులో ఉన్న మిగతా అందరికీ తెలుస్తుంది. అప్పటిదాకా ప్లంబరు చూడాల్సిన విషయం కాస్తా అక్కణ్ణుంచి పరువు విషయం అయి కూర్చుంటుంది. పదిమందిలో నిలబెట్టిన తర్వాత 'అవునండీ, మా వైపు నుంచే కారుతున్నట్టుంది' అని ఒప్పుకునే మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఇలాంటి తగాదాల్లో మూడు ప్రశ్నలు కలగాపులగం అయిపోతాయి. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? బాగుచేయించే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? తప్పు ఎవరిది? మొదటిది తేలితే రెండోది చాలావరకు తేలుతుంది. మూడోది తేలినా ఒరిగేదేమీ లేదు. మనం మాత్రం ఎప్పుడూ మూడోదాంతోనే మొదలుపెడతాం. వ్యక్తిత్వం అనే పెద్ద మాట ఇక్కడ వాడొచ్చంటే, అది ఈ వరుసను తిరగేయగలగడంలోనే ఉంది. ఓర్పు, చిరునవ్వు ఉంటే మంచిదే. కానీ 'నాకింకా తెలియదు' అనే స్థితిలో ఓ నాలుగు రోజులు ఉండగలగడం అంతకన్నా కష్టం.

నీళ్ల సంగతే చూడండి. మన అపార్ట్‌మెంట్లు చాలావాటిలో బాత్రూమ్ దగ్గర స్లాబును కొంచెం దించి పోస్తారు. ఆ గుంటలో పైపులు పరిచి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ వేస్తారు. టైల్స్ సందుల్లో గ్రౌట్ పోయినా, నీళ్లు పోయే ట్రాప్ చుట్టూ పగులిచ్చినా నీరు మెల్లగా ఆ గుంటలోకి దిగి నిలవుంటుంది. పైన నేల మాత్రం ఎప్పట్లాగే శుభ్రంగా మెరుస్తూ ఉంటుంది. కాబట్టి పైవాళ్లు 'మా బాత్రూమ్ బాగానే ఉందండీ' అంటే అబద్ధం ఆడుతున్నట్టు కాదు, వాళ్లకు కనబడుతున్నది చెబుతున్నట్టు. ఇంకో చిక్కు కూడా ఉంది. నీరు దిగిన చోటే కారదు. స్లాబులో కరెంటు వైర్ల పైపు వెంట పోయి రెండు గదుల అవతల ఫ్యాను దగ్గర బయటపడుతుంది. ఒక్కోసారి బాత్రూమ్‌కు అసలు సంబంధమే ఉండదు, బయటి గోడ పగులులోంచి వాన నీరు వస్తూ ఉంటుంది. కింద ఉన్నాయన 'మీదే తప్పు' అని ఖాయంగా చెప్పడానికి ఆధారం ఏమీ లేదు, పైన ఉన్నాయన కాదనడానికీ లేదు.

విజయవాడలో నాకు తెలిసిన ఒక రిటైర్డ్ లెక్చరరు గారు ఇలాంటి మచ్చ సంగతి తేల్చిన తీరు చెప్పుకోదగ్గది. ఆయన గ్రూపులో ఏమీ పెట్టలేదు. ఆదివారం టిఫిన్ల వేళ దాటాక పైకెళ్లి, "బాబూ, ఒక్కసారి కిందికొచ్చి మా బెడ్‌రూమ్ కప్పు చూస్తావా? తడి పెరుగుతోంది, ఎక్కణ్ణుంచో అంతుబట్టట్లేదు" అన్నారు. ఆ కుర్రాడు సమాధానం సిద్ధంగా పెట్టుకునే ఉన్నాడు: "అంకుల్, మేం పోయినేడే టైల్స్ మార్పించాం." దానికి ఈయన వాదించలేదు. "అలాగా, అయితే టైల్స్ నుంచి కాకపోవచ్చు. రా, నువ్వూ చూడు" అన్నారు. కుర్రాడు వచ్చి, స్టూలెక్కి చెయ్యి పెట్టి చూశాడు. వేలికి తడి అంటాక అతని గొంతు మారిపోయింది.

తర్వాత ఇద్దరూ కలిసే ప్లంబర్ని పిలిచారు. అతను పై బాత్రూమ్‌లో ట్రాప్ మూతికి గుడ్డ బిగించి, నేల మీద నీళ్లు నిలవబెట్టి, ఒక రోజంతా అలా వదిలేశాడు. కింద మచ్చ చుట్టూ పెన్సిలుతో గీత గీసి, తేదీ వేశారు. మచ్చ గీత దాటలేదు. అంటే నేలలో దోషం లేదు. గీజరుకు వెళ్లే పైపు గోడలో ఉంది. దాని వాల్వు కట్టేసి చూస్తే రెండు మూడు రోజుల్లో కారడం తగ్గింది. గోడలో ఒక జాయింటు పోయింది. నాలుగు టైల్స్ తీసి బాగుచేశారు. గ్రూపులో కొట్టుకుని ఉంటే బాత్రూమ్ నేల మొత్తం పగలగొట్టించేవాళ్లు, ఆ తర్వాత కూడా కారుతూనే ఉండేది.

మంచివాళ్లని పేరున్నవాళ్లలో ఒక జబ్బు ఉంటుంది. 'ఎందుకొచ్చిన గొడవ, ఇరుగుపొరుగు వాళ్లం' అని బకెట్టు పెట్టి ఊరుకుంటారు. దీన్ని సర్దుకుపోవడం అంటారు గానీ, కప్పుకు ఆ సంగతి తెలియదు. తడి లోపలి ఇనుప కడ్డీ దాకా పోయిందంటే తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, లోపల్నుంచి కాంక్రీటును నెడుతుంది, పెచ్చులు ఊడతాయి. నాలుగు టైల్స్‌తో పోయేది స్లాబు దాకా వస్తుంది. ఇక ఇన్నాళ్లూ ఊరుకున్న ఆ పెద్దమనిషి ఒకరోజు ఉన్నట్టుండి మెట్ల మీద అరుస్తాడు. పైవాళ్లకు ఏమీ అర్థం కాదు, ఎందుకంటే వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. మొహమాటం వల్ల చెడిన ఇరుగుపొరుగులు పోట్లాట వల్ల చెడినవాళ్ల కన్నా తక్కువేం లేరని నా అనుమానం.

'ఎప్పుడూ నేనే సర్దుకుంటున్నాను' అనే భావన గురించి కూడా చెప్పాలి. 1979లో మైఖేల్ రాస్, ఫియోరీ సికోలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు భార్యాభర్తల్ని విడివిడిగా, ఇంటి పనుల్లో మీ వాటా ఎంత అని అడిగారు. చాలా జంటల్లో ఇద్దరూ చెప్పుకున్న వాటాలు కలిపితే మొత్తం పని కన్నా ఎక్కువయ్యాయి. ఎవరూ కావాలని గొప్పలు పోలేదు, ఎవరు చేసింది వాళ్లకే బాగా గుర్తుంది. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లే ఇలా ఉంటే, మధ్యలో స్లాబు ఉన్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మోటారు రిపేరు కోసం మీరు తిరిగిన తిరుగుడు మీకు గుర్తు, లిఫ్టు కోసం ఆయన పడ్డ తిప్పలు ఆయనకు గుర్తు. అందుకని ఖర్చు మాట్లాడేటప్పుడు పాత లెక్కలు తవ్వొద్దు. ఈ పైపు, ఈ బిల్లు, అంతే.

ఖర్చు సంగతిలో చాలా ప్రశ్నలకు జవాబు ముందే రాసి ఉంది, మనమే చదవం. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం పైకప్పు, ప్రధాన గోడలు, మెట్లు లాంటివి అందరి ఉమ్మడి ఆస్తి. కాబట్టి టెర్రస్ కారితే అది పై అంతస్తువాళ్ల ఒక్కళ్ల ఖర్మ కాదు, అసోసియేషన్ పని. పిట్టగోడ పక్కన పగుళ్లకు డబ్బడిగితే 'మాకేం కారట్లేదుగా' అనే మొదటి అంతస్తు ఆయనకు ఇది ఒకసారి చూపించండి. ఒకరి బాత్రూమ్ లోపలి పైపైతే మామూలుగా ఆ ఇంటి యజమానిదే బాధ్యత. కొత్త బిల్డింగు అయితే, అసలు ఇద్దరూ పోట్లాడుకోవాల్సిన పనే లేకపోవచ్చు. 2016 నాటి రెరా చట్టం కింద, ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణ దోషమో, పనితనంలో లోపమో బయటపడి, బిల్డరుకు తెలియజేస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. పక్కవాళ్ల మీద పడే ముందు అప్పగింత తేదీ ఏదో చూసుకోవడం మంచిది. మాటలతో తేలకపోతే, కోర్టుకు వెళ్లకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో కూర్చోవచ్చు. ఫీజు ఉండదు.

పైన ఉండేది అద్దెవాళ్లు, ఓనరు డల్లాస్‌లో ఉంటే వ్యవహారం ఇంకో రకం. అద్దెవాళ్ల మీద అరిచి లాభం లేదు, టైల్స్ పగలగొట్టే హక్కు వాళ్లకు లేదు. మన పొద్దుటి పూట ఓనరుకు ఫోన్ చేయండి, వాళ్లకు అప్పుడు ముందురోజు రాత్రి. వీడియో పంపి, ఇక్కడ ఆయన తరఫున మాట చెప్పేది ఎవరో ముందు తేల్చుకోండి.

టైల్స్ తీసేలోపే రెండు మాటలు కాగితం మీద పెట్టుకోవాలి: ఎస్టిమేటు ఎంత, కింద కప్పుకు రంగు ఎవరు వేయిస్తారు. పై బాత్రూమ్ పగలగొట్టిన రోజుల్లో వాళ్ల పెద్దావిడ స్నానానికి ఎక్కడికెళ్తుందో కూడా ఆలోచించండి. లెక్చరరు గారి భార్య "ఆంటీని మా ఇంటికి పంపమ్మా" అని ముందే చెప్పిందట. బిల్లు దగ్గర తర్వాత ఎవరూ పేచీ పెట్టలేదు.

పని అయ్యాక కూడా మచ్చ వెంటనే పోదు. స్లాబులో చేరిన తడి ఆరడానికి వారాలు పడుతుంది. పైవాళ్లకు, మీ ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పకపోతే 'ఇంకా కారుతోంది' అని రెండో గొడవ మొదలవుతుంది. పెన్సిలు గీత చెరపకుండా ఉంచి, మచ్చ అంచు దాన్ని దాటుతోందా, లోపలికి తగ్గుతోందా చూస్తుండండి. పూర్తిగా ఆరాక పెయింటర్ని పిలవండి.