వాక్యాన్ని తట్టి చూడండి

కొత్త కుండ కొనేటప్పుడు వేళ్లు మడిచి తట్టి చూస్తాం. ఖంగుమంటే తెచ్చుకుంటాం, లేదంటే పక్కన పెట్టేస్తాం. ఇంగ్లిష్ వాక్యం దగ్గరికొచ్చేసరికి మాత్రం తట్టకుండానే నెత్తికెత్తుకుంటాం. ఇకపై మూడు చోట్ల తట్టండి.

మాట చేస్తున్న పనేమిటి?

'వెల్' అంటే ఏమిటని అడిగితే 'బాగా' అంటాం. 'షి సింగ్స్ వెల్'లో అది నిజమే, అక్కడది క్రియావిశేషణం. 'ఐ యామ్ వెల్'లో విశేషణం: ఒంట్లో బాగుందని. 'ద వెల్ ఈజ్ డీప్'లో నామవాచకం: బావి. మాట ఒకటే, కొలువులు మూడు. కాబట్టి అర్థం ఒక్కటే బట్టీ పట్టకండి, వాక్యంలో ఆ మాట ఏ కొలువులో ఉందో చూడండి.

మనం తరచూ అనే 'డిస్కస్ అబౌట్' తప్పు కూడా ఇక్కడే దొరికిపోతుంది. 'దాని గురించి చర్చించాం' అనే అలవాటుకొద్దీ 'అబౌట్' తగిలిస్తాం. 'డిస్కస్' సకర్మక క్రియ. కర్మను నేరుగా పట్టుకుంటుంది, మధ్యవర్తి అక్కర్లేదు.

ఉన్నదున్నట్టా, అలంకారమా?

'వాడు నీళ్లు నమిలాడు' అంటే నీళ్లెలా నములుతారని మనలో ఎవరూ అడగరు. అదే 'హి స్పిల్డ్ ద బీన్స్' కనిపిస్తే మాత్రం చిక్కుడు గింజలు ఏరడానికి కూర్చుంటాం. అక్కడ ఒలికింది గుట్టు! 'లైక్', 'యాజ్' పెట్టి పోలిస్తే సిమిలీ, మన ఉపమ. అవేమీ లేకుండా 'టైమ్ ఈజ్ మనీ' అనేస్తే మెటఫర్, మన రూపకం. మాటకు మాట పెట్టుకుంటే అర్థం పొసగడం లేదా? డిక్షనరీలో విడి పదాన్ని వదిలి, పదబంధం మొత్తాన్ని వెతకండి.

తర్కం నిలుస్తుందా?

కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకతాళీయం అని నవ్వేసి ఊరుకుంటే సరే. కాకి వల్లే రాలిందని వాదిస్తే అది 'పోస్ట్ హాక్' ఫాలసీ. 'ఇంజినీరింగ్ చేస్తావా, జీవితం పాడుచేసుకుంటావా?' అని ఇంట్లో గద్దిస్తే 'ఫాల్స్ డైలమా': మూడో దారి ఉన్నా దాచేయడం. వాదనను వదిలి మనిషిని తిడితే 'యాడ్ హోమినెమ్'. ఇలాంటి దొంగ హేతువులను మన తార్కికులు హేత్వాభాసాలన్నారు. గౌతముడి న్యాయసూత్రాలు వాటిని 5 రకాలుగా విడదీస్తే, గ్రీసులో అరిస్టాటిల్ 13 రకాల తప్పుడు వాదనలు లెక్కగట్టాడు. పేర్లు కొత్తేమో గానీ, ఈ మాయమాటలు మనకు పాతవే.

రేపు పొద్దున ఇంగ్లిష్ పేపర్ సంపాదకీయంలో ఒక్క పేరా తీసుకోండి. వాక్యం వాక్యాన్నీ మూడు చోట్లా తట్టండి. పది నిమిషాల పని. అది అలవాటయ్యాక, వాట్సాప్‌లో మీరు పదిమందికి పంపబోయే మెసేజ్‌నూ ఓసారి తట్టండి. అది తెలుగులో ఉన్నా సరే.