సామాన్య ప్రవర్తనకు కొలబద్ద ఏది?

వర్జీనియా రాష్ట్రంలోని షాంటిలీ వంటి ఊళ్ళలో పెరిగే తెలుగు బాలుడు పెద్దల కళ్ళలోకి చూడకుండా తలవంచి జవాబిస్తే, ఇంట్లో అది వినయం. బడిలో అదే ఆత్మవిశ్వాస లోపంగా కనిపించవచ్చు. జ్వరాన్ని కొలవడానికి థర్మామీటరు ఉన్నది. ప్రవర్తన సామాన్యమో, అపసామాన్యమో తేల్చే పరికరం మాత్రం లేదు. అందుచేత మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రధానంగా నాలుగు ప్రమాణాలను ఆశ్రయిస్తారు. వీటిలో ఏ ఒక్కటీ స్వయంసంపూర్ణం కాదు.

మొదటిది సంఖ్య. అధికసంఖ్యాకులలో కనిపించనిది అపసామాన్యమనుకుంటే, నూరుగురు పృచ్ఛకులకు పద్యాలు చెప్పి, వాటిని తిరిగి అప్పజెప్పే శతావధాని ధారణ కూడా ఆ కోవలోకే వస్తుంది. తెలుగువారు ఆయనకు సన్మానం చేస్తారే గాని చికిత్స చేయించరు.

రెండవది సంఘనియమం. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే అమెరికన్ వైద్యుడు, బానిసలు యజమానుల నుండి పారిపోవడాన్ని 'డ్రేపెటోమేనియా' అనే మనోవ్యాధిగా వర్ణించాడు. స్వలింగాసక్తి వ్యాధి కాదని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లో తీర్మానించేవరకు అది వ్యాధుల పట్టికలో ఉండేది. సంఘం మెచ్చనిదంతా రోగం కాదని ఈ చరిత్ర చెబుతున్నది.

మూడవది వ్యక్తి పడే బాధ. కాని 'మేనియా' అనే ఉద్రేకస్థితిలోని రోగి బాధపడకపోగా, నిద్ర మాని, ధనం వెదజల్లుతూ మహోత్సాహంగా ఉండవచ్చు. మరొకవైపు, ఆప్తులను కోల్పోయినవారి శోకం ఎంత తీవ్రమైనా సహజమే.

నాలుగవది కార్యభంగం, అనగా చదువు, ఉద్యోగం, బాంధవ్యాలు కుంటుపడటం. ఇక్కడ కూడా సందర్భం చూడాలి. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాలలో 'రంగం' నాడు ఆవేశంతో భవిష్యవాణి పలికే స్త్రీకి భక్తులు చేతులు జోడిస్తారు. అదే ఆవేశం షాంటిలీలోని ఒక కార్యాలయంలో కలిగితే అంబులెన్సు వస్తుంది. 2013లో ఆ అసోసియేషన్ వెలువరించిన రోగనిర్ణయ గ్రంథం డి.ఎస్.ఎం.-5, సమాజం విస్తృతంగా ఆమోదించిన మతాచారంలో భాగమైన ఆవేశాన్ని రుగ్మతగా లెక్కించరాదని స్పష్టం చేసింది.

అయితే సంస్కృతి పేరు రోగానికి ముసుగు కారాదు. కళకళలాడే పిల్ల గదిలోంచి రాకుండా, తిండి, నిద్ర, స్నేహాలు వదులుకుంటే, "వయసు ప్రభావం" అనో, "దిష్టి" అనో, "నలుగురూ ఏమనుకుంటారు" అనో కాలం గడపడం అపాయకరం. కుంగుబాటు వ్యాధిని నిర్ణయించడానికి వైద్యులు చూసే కనీస వ్యవధి రెండు వారాలే.

కనుక తలిదండ్రులు పక్కింటి పిల్లలతో పోల్చడం మాని, మూడు ప్రశ్నలు వేసుకోవడం మేలు: బిడ్డ తన పూర్వస్వభావం నుండి ఎంత మారింది? ఎన్నాళ్ళుగా? ఆ మార్పువల్ల ఏయే పనులు ఆగిపోయాయి? జవాబులు ఆందోళన కలిగిస్తే వైద్యుని సంప్రదించాలి; ఇంటి ఆచారాలను ఆయనకు దాచకుండా వివరించాలి. చనిపోవాలన్న మాట వినబడితే మాత్రం రెండు వారాలు కాదు, రెండు గంటలైనా ఆగరాదు. 2022 జులై నుండి అమెరికా అంతటా 988 నంబరు ఇందుకోసమే రాత్రింబవళ్ళు పనిచేస్తున్నది.