చుట్టాలొస్తే చెరువుకట్ట

హన్మకొండలో సొంతిల్లున్నవాళ్లకు చుట్టాల కొరత ఉండదు. మేడారం జాతరకు వచ్చేవాళ్లు, పిల్లల సీట్ల కోసం వచ్చేవాళ్లు, పెళ్లికి వచ్చి రెండు రోజులు ఆగేవాళ్లు. కాఫీ తాగగానే అందరూ అడిగేది ఒకటే: మీ ఊళ్లో చూడ్డానికేమున్నాయి? నౌకరీ నుంచి దిగిపోయాక ఆ పని ఇంట్లో నాకే అప్పజెప్పారు. చూపించగా చూపించగా నాకు తెలిసొచ్చినవి ఇవి.

1. ముందు స్టేషను సంగతి తేల్చండి. హన్మకొండ, కాజీపేట, వరంగల్ కలిసిపోయి ఒకే నగరమైనా రైలుకు ఆ సంగతి తెలియదు. హన్మకొండ ఇంటికి కాజీపేట దగ్గర, కోట చూసి అటునుంచి అటే వెళ్లేవాళ్లకు వరంగల్ దగ్గర. బయల్దేరకముందే ఫోనులో చెప్పేస్తే ఇద్దరికీ ఆటో ఖర్చు మిగుల్తుంది.

2. వేయిస్తంభాల గుడికి పొద్దున్నే తీసుకెళ్లాలి. పదిన్నర దాటితే ఎండాకాలంలో రాతి మీద పాదం ఆనదు. పిల్లలు స్తంభాలు లెక్కపెడతామంటారు, పెట్టనివ్వండి. ఈలోగా పెద్దవాళ్లకు చెప్పవలసింది ఉంది. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన ఈ గుడి త్రికూటం. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి వేరువేరు గర్భగుళ్లు. ఎదురుగా ఉన్న కల్యాణ మంటపాన్ని 2006లో రాయి రాయిగా విప్పారు. మళ్లీ నిలబెట్టి తెరిచేసరికి 2024 వచ్చింది. కింద ఇసుక పునాది వేసి పైన అంత బరువు నిలబెట్టిన పాతవాళ్ల పని విప్పినంత తేలికగా మళ్లీ కట్టలేమని ఊరంతా కళ్లారా చూసింది. ఈ కథ చెప్పకుండా మంటపం చూపిస్తే చుట్టాలు నంది పక్కన ఫొటో దిగి వచ్చేస్తారు.

3. భద్రకాళి గుడికి ఎవరైనా తీసుకెళ్తారు, చెరువు చూపించేవాళ్లు తక్కువ. దర్శనమయ్యాక కట్ట మీదికి నడిపించండి. కేంద్రం హృదయ్ పథకం కింద 2015లో ఎంచుకున్న పన్నెండు నగరాల్లో మనదొకటి. ఆ పథకం వచ్చాకే కట్టకు బాటలూ దీపాలూ బెంచీలూ వచ్చాయి. సాయంత్రం గాలికి బాగుంటుంది, నిజమే. కానీ కట్ట అంటే షికారు బాట కాదు కదా. కాకతీయుల కాలం నుంచి నీటిని ఆపుతున్న గోడ అది. నీళ్లు వదిలే తూము ఎక్కడ, ఎక్కువైన నీళ్లు దూకే మత్తడి ఎక్కడ, ఎటు పోతాయి అని అడగండి. పై చెరువు నిండి మత్తడి దుంకితే కింది చెరువుకు నీళ్లొచ్చే గొలుసుకట్టు మన ప్రాంతపు పద్ధతి. పట్నంలో పుట్టిన పిల్లలకు ఆ గొలుసు సంగతి అర్థమయ్యేలా చెబితే బోటు షికారుకన్నా ఎక్కువ గుర్తుంటుంది.

నేను చూసినంతలో, చూసేవాళ్ల కోసమే పెట్టినవి తొందరగా పాతబడతాయి. రంగు దీపాల ఫౌంటెన్ మొదటిసారి ముచ్చటేస్తుంది, రెండోసారి అడిగేవాళ్లుండరు. వాడకం కోసం కట్టిన చెరువుకు ఆ బాధ లేదు. ఏ కాలానికా కాలం దాని వేషం వేరు.

4. చెరువు ఎండినప్పుడు కూడా తీసుకెళ్లండి. 2024 చివర్లో పూడిక తీయడానికి భద్రకాళి చెరువు నీళ్లు వదిలేశారు. బురద చూడ్డానికి ఏం పోతామని మా ఇంట్లోనే అన్నారు. నా లెక్కలో ఊరి చెరువు అడుగు చూడ్డం అరుదైన అవకాశం. నీళ్లు పరుచుకునే నేల, అదే శిఖం, ఎంత మేర ఉందో, ఇళ్లు దాని మీదికి ఎంత దగ్గరగా వచ్చాయో నీళ్లున్నప్పుడు కనబడవు. 2023 జులై వానలకు పోతననగర్ వైపు కట్ట తెగినప్పుడు జనం ఎందుకు హడలిపోయారో అక్కడ నిలబడితే ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

5. పార్కులు పసిపిల్లలున్నవాళ్లకే. పబ్లిక్ గార్డెన్లో నీడ ఉంది, హంటర్ రోడ్డులో జూ ఉంది. సెలవు ఏ వారమో కనుక్కొని వెళ్లండి. ఇంతకన్నా చెప్పడానికి లేదు.

6. ఆషాఢంలో వస్తామన్నవాళ్లను వద్దనకండి, భద్రకాళి అమ్మవారికి కూరగాయలతో చేసే శాకంబరి అలంకారం అప్పుడే. బతుకమ్మ రోజుల్లో వచ్చేవాళ్లను మాత్రం పద్మాక్షి గుట్టకు తీసుకెళ్లి తీరాలి. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలతో గుట్ట కింద గుండం చుట్టూ ఆడవాళ్లు నిండిపోతారు. బండి దూరంగా ఆపి నడవండి. మర్నాడు జనం తగ్గాక గుట్టెక్కితే జైన తీర్థంకరుల శిల్పాలు, 1117 నాటి శాసనస్తంభం తీరిగ్గా కనబడతాయి. ఒకే గుట్ట మీద జైనమూ అమ్మవారూ ఎట్లా కలిశారని మా బావమరిది వచ్చినప్పుడల్లా వాదన పెట్టుకుంటాడు. వాడికి అన్నం వేళ దాకా పని దొరుకుతుంది.

7. వరంగల్ కోటకు సాయంత్రం పూట. తోరణాలు రాష్ట్ర చిహ్నంలో ఉన్నవే కాబట్టి పిల్లలు వెంటనే గుర్తుపడతారు. వచ్చేటప్పుడు మట్టికోట గోడ దగ్గర ఒక్కసారి బండి ఆపండి. అది కోటగోడ అని తెలియకుండానే దాటిపోయేవాళ్లు చాలామంది.

8. రామప్పకు పూర్తి రోజు కేటాయించాలి. పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. నల్లరాతి మదనికలు, నీళ్లలో తేలే ఇటుకలు, అన్నీ గైడు చెబుతాడు. గుడి చూసి వెనక్కి తిరిగేవాళ్లే ఎక్కువ. దగ్గర్లోనే రామప్ప చెరువుంది, ఇప్పటికీ ఆయకట్టు పారుతోంది. ఊరు, గుడి, చెరువు కలిపి తలపెట్టిన కాలం వాళ్లది. ఒకటి వదిలేస్తే మిగతా రెండింటి లెక్క తప్పుతుంది. అన్నం మూట ఆ చెరువు దగ్గరే విప్పండి.

ఓపికుంటే అటునుంచి లక్నవరం. గుట్టల మధ్య సందులకు చిన్న కట్టలు వేసి నిలిపిన నీళ్లవి. చుట్టాలు వేలాడే వంతెన కోసం తొందరపడతారు. వానాకాలమై మత్తడి పడుతుంటే ముందు అటు తీసుకెళ్లండి, వంతెన సాయంత్రం దాకా ఉంటుంది. మత్తడి రాళ్ల మీద నాచు పట్టి ఉంటుంది. సెల్ఫీ కోసం అటు దిగనివ్వద్దు, పిల్లల చెయ్యి అసలు వదలొద్దు.