కాలాన్ని కాచే బిళ్ళ

కాలాన్ని కొలిచే నేర్పు మానవునికి మిక్కిలి ప్రాచీనకాలం నుంచే అలవడింది. అడుగున సన్నని రంధ్రం గల గిన్నెను పూర్వులు నీటి తొట్టిలో వదిలేవారు. రంధ్రం గుండా నీరెక్కి ఆ గిన్నె మునగడానికి పట్టే కాలం ఒక ఘటిక. ఆ మాటే తెలుగులో గడియ అయింది. గడియకు 24 నిమిషాలు. అహోరాత్రానికి అరవై గడియలు. గిన్నె మునిగిన ప్రతిసారీ దానిని పైకెత్తి, నీరు పారబోసి, మళ్ళీ తేలవిడిచే మనిషి ఒకడు అక్కడ మేలుకొని ఉండాలి. అతడు కునుకు తీస్తే లెక్క తప్పినట్లే. మన బల్లమీది కంప్యూటరులో కూడా అటువంటి కావలివాడు ఒకడున్నాడు. రూపాయి నాణెం కంటె కొంచెం చిన్నదైన గుండ్రని సెల్లు అది.

కంప్యూటరును ఆపి, గోడ దగ్గరి స్విచ్చు కూడా తీసివేసి వెళ్ళిపోతాం. మరునాడు వచ్చి చూస్తే తేదీ, సమయం సరిగానే కనిపిస్తాయి. ఇది మొదటి నుంచీ ఉన్న సదుపాయం కాదు. 1981లో వెలువడిన ఐబీఎం పర్సనల్ కంప్యూటరుకు ఆపిన తరువాత కాలం తెలియదు. తిరిగి ప్రారంభించినప్పుడల్లా తేదీని మనిషే టైపు చేసి చెప్పాల్సి వచ్చేది. 1984లో అదే సంస్థ తెచ్చిన ఏటీ నమూనాలో మోటరోలా వారి గడియారపు చిప్పు చేరింది. దానిలో ఉన్న చోటు మొత్తం 64 బైట్లు. అందులో 14 గడియారపు పనికి, మిగిలిన 50 యంత్రపు అమరికలకు. ఆ చిప్పును తయారుచేసిన పద్ధతి పేరు సీమాస్. అందువల్లనే దానికి బలమిచ్చే సెల్లుకు సీమాస్ బ్యాటరీ అన్న పేరు నేటికీ నిలిచింది. నేటి మదర్‌బోర్డులు పెక్కింటిలో అమరికలు ఫ్లాష్ మెమరీలో భద్రమై, సెల్లు లేకున్నా చెరగవు. గడియారానికి మాత్రం సెల్లు తప్పదు.

ఈ గడియారానికి ప్రాణం ఒక చిన్న స్ఫటికం. విద్యుత్తు సోకినప్పుడు అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఇంత విచిత్రమైన సంఖ్య ఎందుకని సందేహం కలగవచ్చు. 15 రెండ్లను వరుసగా హెచ్చవేస్తే వచ్చేది ఇదే. కనుక ఆ కంపనాలను 15 మార్లు సగం చేస్తూ పోతే చివరకు సెకనుకు ఒక్క స్పందన మిగులుతుంది. ఛందస్సు చదివినవారికి ఈ సంఖ్య పరాయిది కాదు. వృత్తపాదంలోని ప్రతి అక్షరమూ లఘువో గురువో అయి తీరాలి. మూడో దారి లేదు. పాదానికి 15 అక్షరాలుండే అతిశక్వరీ ఛందంలో ప్రస్తారం వేస్తే పుట్టే వృత్తాలు సరిగ్గా 32,768. మనమెరిగిన మాలిని వాటిలో ఒకటి. స్ఫటికాన్ని చెక్కించిన ఇంజనీరు మాలినీ వృత్తాన్ని విని ఉండకపోవచ్చు. అయినా లక్షణకర్త లెక్కా, అతని లెక్కా ఒక్కటే.

సెల్లు మీద సీఆర్ 2032 అని ముద్రించి ఉంటుంది. మొదటి అక్షరం లోపలి రసాయనాన్ని, అంటే లిథియం, మాంగనీస్ డయాక్సైడ్‌ల జంటను సూచిస్తుంది. రెండవది గుండ్రని ఆకారానికి గుర్తు. వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు, అంకెలలోని అర్థం అంతే. దాని పీడనం 3 వోల్టులు. నిలువ సుమారు 220 మిల్లీఆంపియర్ గంటలు. గడియారం అయిదు మైక్రోఆంపియర్ల చొప్పున ఖర్చు చేస్తున్నదనుకొందాం. అప్పుడా సెల్లు 44,000 గంటలు, అనగా అయిదేళ్ళు వస్తుంది.

అయితే గోడ స్విచ్చు వేసి ఉన్నంతసేపు, కంప్యూటరు ఆగి ఉన్నా, గడియారం సాధారణంగా ఆ విద్యుత్తునే వాడుకొంటుంది. సెల్లు జోలికి పోదు. సాయంత్రం ప్రయోగశాలకు తాళం వేస్తూ మెయిన్ ఆపివేసే చోట, వేసవి సెలవుల్లో నెలల తరబడి మూసి ఉంచే చోట, భారమంతా సెల్లు మీదనే పడుతుంది. పైగా నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టసీమల్లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వేడికి సెల్లులోని శక్తి వాడకపోయినా కొంత తరుగుతుంది. సెలవులయ్యాక తలుపులు తెరిచిననాడు కొన్ని యంత్రాలు ఎన్నడో గడచిపోయిన తేదీని చూపడంలో వింత లేదు. మెయిన్ ఆపడం మానవలసిన పనిలేదు. అది మంచి అలవాటే. నాలుగైదేళ్ళకు ఒకసారి సెల్లు మారిస్తే చాలు.

నల్లగొండ చెంతనే పానగల్లులో ఛాయాసోమేశ్వరాలయం ఉంది. సూర్యుడు తూర్పు నుంచి పడమటికి సాగినా, గర్భగుడిలో స్తంభపు నీడ పగలంతా కదలక నిలిచి ఉంటుంది. కందూరు చోడుల కాలపు శిల్పుల ప్రతిభకు అది సాక్ష్యం. కంప్యూటరులో కాలం నిలిచిపోవడం మాత్రం ముచ్చటగొలిపే విషయం కాదు. 2011లో మీసేవ ఆరంభమైంది. 2016 నుంచి తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు దోస్త్ ద్వారా ఆన్‌లైన్‌లో సాగుతున్నాయి. దేవరకొండలోనో, అచ్చంపేటలోనో ఒక విద్యార్థిని దరఖాస్తుకు చివరి రోజున కంప్యూటరు ముందు కూర్చున్నదనుకోండి. యంత్రపు గడియారం 2009 జనవరి 1 చూపుతున్నది. ప్రతి ప్రభుత్వ వెబ్‌సైటుకూ ఒక భద్రతా ధ్రువపత్రం ఉంటుంది. అది ఒక తేదీ నుంచి మరొక తేదీ వరకే చెల్లుతుంది. తాను 2009లో ఉన్నానని నమ్మే యంత్రానికి అది ఇంకా పుట్టని పత్రం! కనుక అనుసంధానం సురక్షితం కాదని హెచ్చరించి లోపలికి పోనివ్వదు. చుట్టూ ఉన్నవారు నెట్టు లేదంటారు, సర్వరు పనిచేయడం లేదంటారు. ఆమె రేపు వద్దామని బస్సెక్కితే ఒక విద్యాసంవత్సరమే చేజారవచ్చు. తెర మూలనున్న తేదీని ఒక్కసారి చూసి, చేతితో సరిదిద్దుకొంటే ఆ క్షణానికి పని నెరవేరుతుంది. సెల్లు మార్చేదాకా ఆ తిప్పలు మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటాయి.

మార్చే విధానం కష్టమైనది కాదు గాని తొందర పనికిరాదు. ముందుగా బయాస్ తెరలోని అమరికలను సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోవాలి. పాత యంత్రాల్లో సెల్లు తీయగానే అవి తొలిస్థితికి పోతాయి. డిస్కు అనుసంధాన పద్ధతి మారిపోతే విండోస్ తెరుచుకోకపోవచ్చు. డిస్కును బిట్‌లాకర్‌తో భద్రపరచి ఉంటే దాని రికవరీ కీ చేతిలో ఉన్న తరువాతే పనికి పూనుకోవాలి. ఇక్కడ అశ్రద్ధ చేసినవారు చిన్న పనిని పెద్దది చేసుకొంటారు.

తరువాత కంప్యూటరును ఆపి, కరెంటు తీగను పూర్తిగా ఊడదీయాలి. పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పడితే లోపల మిగిలిన విద్యుత్తు ఖాళీ అవుతుంది. వాడుకలో మనం సీపీయూ అని పిలిచే పెట్టె పక్కరేకును వెనుకనున్న మరలు విప్పి జరపాలి. (నిజానికి సీపీయూ అంటే లోపలి చిప్పు ఒక్కటే, పెట్టెకంతటికీ ఆ పేరు ఎలాగో స్థిరపడింది.) లోపల చేయి పెట్టేముందు పెట్టెలోని రంగు వేయని లోహభాగాన్ని తాకాలి. మన ఒంటిమీద చేరిన స్థిరవిద్యుత్తు చిప్పులకు హాని చేయకుండా అది కాపాడుతుంది.

మదర్‌బోర్డు మీద నాణెంలా మెరిసే సెల్లు సులభంగానే కనబడుతుంది. దాని పక్కనున్న చిన్న లోహపు నాలుకను గోటితో వెలుపలికి నొక్కితే సెల్లు తనంతట తానే పైకి లేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో పెకలించరాదు, గూడు విరిగితే బోర్డుకే ముప్పు. పాత సెల్లు ఏ ముఖం పైకి ఉన్నదో గమనించాలి. సాధారణంగా ధన చిహ్నం, పేరు ఉన్న వెడల్పు ముఖమే పైకి ఉంటుంది. కొత్తదానిని అంచులు పట్టుకొని అదే తీరున ఉంచి, టిక్కుమనే వరకు నొక్కాలి. రేకు బిగించి యంత్రాన్ని ప్రారంభించి, డెల్ లేదా ఎఫ్2 మీటతో బయాస్‌లోకి పోయి తేదీ, సమయం దిద్ది భద్రపరచాలి. ఒక రాత్రి మెయిన్ ఆపి ఉంచి మరునాడు చూడాలి. కాలం మళ్ళీ తప్పితే దోషం సెల్లుది కాదు, బోర్డుది. అప్పుడు మరమ్మతు తెలిసినవారికి చూపించాలి.

తీసిన సెల్లును బల్లమీద వదిలేయరాదు. గడియారాన్ని నడపలేనంతగా నీరసించిన సెల్లులో కూడా ప్రాణాపాయం కలిగించేంత శక్తి ఉంటుంది. చిన్నపిల్లలు దానిని మింగితే గొంతు దిగువన ఇరుక్కొని, రెండు గంటలలోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చగలదు. అటువంటప్పుడు వాంతి చేయించే యత్నం చేయక, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. సెల్లును నిప్పులో వేయరాదు. 2022లో వెలువడిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన సెల్లులను ఇంటి చెత్తతో కలపరాదు. రెండు ముఖాలకూ ఇన్సులేషన్ టేపు అంటించి, పిల్లలకు అందని చోట మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచి, వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించాలి.

అభ్యాసం

1. స్ఫటికపు కంపనాల సంఖ్యకూ అతిశక్వరీ ఛందానికీ గల సంబంధాన్ని వివరించండి.
2. తేదీ తప్పిన కంప్యూటరులో ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎందుకు తెరుచుకోవు?
3. గడియారం పది మైక్రోఆంపియర్లు తీసుకొంటే 220 మిల్లీఆంపియర్ గంటల సెల్లు ఎన్ని గంటలు వస్తుంది?
4. ‘సోమేశ్వరాలయం’ అన్న పదంలోని రెండు సంధులను విడదీసి, వాటి పేర్లు రాయండి.